దాచడం అన్నింటికీ వచ్చు, తీసేయడం దేనికి వచ్చు? పెద్ద సంస్థకు డాక్యుమెంట్ సిస్టమ్ ఎంపిక

ఓసారి ఒక పెద్ద సంస్థలో డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కొనడానికి వేసిన కమిటీలో నేనూ కూర్చున్నాను. మూడు కంపెనీలు వచ్చి డెమో ఇచ్చాయి. ముగ్గురూ ఇంచుమించు ఒకటే చూపించారు: ఫైలు ఎక్కించడం, వెతికితే క్షణంలో దొరకడం, ఫోన్‌లోంచే ఆమోదం నొక్కడం. అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో రికార్డుల విభాగం నుంచి వచ్చిన పెద్దావిడ ఒకే ఒక్క మాట అడిగారు. "బాబూ, ఈ కాంట్రాక్టు ముగిసి ఏడేళ్లయింది అనుకో. ఇప్పుడు దీన్ని తీసేసి చూపించు. తీసేసినట్టు రుజువు కూడా చూపించు."

ఒకాయన రైట్ క్లిక్ చేసి డిలీట్ నొక్కాడు. ఇంకొకాయన "అది వచ్చే వెర్షన్‌లో వస్తుంది మేడమ్" అన్నాడు. మూడో ఆయన మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "కాంట్రాక్టు ముగిసిన తేదీ మీ దగ్గర ఏ సిస్టమ్‌లో ఉంటుందండీ?" అని ఎదురడిగాడు.

ఈ పని తెలిసిన మనిషి అడగాల్సిన మాట అదే. ఆ రోజు నుంచి ఏ సిస్టమ్‌ను చూసినా నేను వెనక నుంచి మొదలుపెడతాను. ఫైలు లోపలికి ఎలా వెళ్తుందో తర్వాత చూసుకోవచ్చు, బయటికి ఎలా పోతుందో ముందు చూస్తాను.

ఆఫీసు ఫైల్ సర్వర్‌లోని షేర్డ్ డ్రైవ్‌తోనే నెట్టుకురావాలా, ఆఫీసులో ఇప్పటికే ఉన్న మైక్రోసాఫ్ట్ 365నో గూగుల్ వర్క్‌స్పేస్‌నో గట్టిగా వాడుకోవాలా, ప్రత్యేకంగా ఈసీఎం (ఎంటర్‌ప్రైజ్ కంటెంట్ మేనేజ్‌మెంట్, అంటే పెద్ద సంస్థల డాక్యుమెంట్లూ రికార్డుల కోసమే కట్టిన సాఫ్ట్‌వేర్) కొనాలా, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్) తెచ్చి సొంతంగా నడుపుకోవాలా అని ఎటూ తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

## ముందు కొలబద్దలు

ఒక చిన్న తేడా దగ్గర మొదలుపెడదాం. డాక్యుమెంట్ వేరు, రికార్డు వేరు. రాస్తూ, దిద్దుతూ, నలుగురికీ పంపుతూ ఉన్న చిత్తుప్రతి డాక్యుమెంట్. సంతకం పడి, ఇక ఎవరూ మార్చకూడని దశకు చేరినది రికార్డు. రికార్డుల నిర్వహణకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15489. ఇది 2001లో వచ్చింది, 2016లో సవరించారు. రికార్డుకు నాలుగు గుణాలు ఉండాలంటుంది: అది అసలైనదై ఉండాలి, నమ్మదగినదై ఉండాలి, చెక్కుచెదరకుండా ఉండాలి, కావాల్సినప్పుడు వాడుకునేలా ఉండాలి. మార్కెట్లో ఉన్న చాలా సాఫ్ట్‌వేర్లు డాక్యుమెంట్లను బాగా చూసుకుంటాయి. రికార్డుల దగ్గరికొచ్చేసరికే తడబడతాయి.

తీసేసే పద్ధతి. ఎన్నాళ్లు ఉంచాలి అనేది రెండు రకాలు. ఒకటి తేదీని బట్టి: ఇన్‌వాయిస్ తయారైన రోజు నుంచి ఇన్నేళ్లు. ఇది ఏ సిస్టమ్ అయినా చేస్తుంది. రెండోది సంఘటనను బట్టి: ఉద్యోగి మానేసిన రోజు నుంచి ఇన్నేళ్లు, యంత్రాన్ని పక్కన పెట్టిన రోజు నుంచి ఇన్నేళ్లు. ఇక్కడే పేచీ. ఉద్యోగి మానేసిన సంగతి హెచ్‌ఆర్ సిస్టమ్‌కు తెలుసు, ఫైలుకు తెలియదు. ఆ కబురు ఫైలు దాకా ఎవరు చేరవేస్తారు? పెద్ద సంస్థల్లో ముఖ్యమైన రికార్డులు చాలావరకు ఈ రెండో రకమే.

"స్టోరేజ్ చవకే కదా, అన్నీ ఉంచేద్దాం" అనేవాళ్లు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. డిస్క్ చవకే. కానీ కేసు పడితే ఆ డిస్క్‌లో ఉన్నదంతా లాయర్లు కూర్చుని చదవాలి, వాళ్లు గంటల లెక్కన తీసుకుంటారు. పైగా వ్యక్తిగత సమాచారాన్ని అవసరం తీరాక ఉంచుకోవడమే చాలాచోట్ల చట్టం ఒప్పుకోదు. 2018 నుంచి అమల్లో ఉన్న యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ అయిదో ఆర్టికల్ ఈ సంగతి సూటిగానే చెబుతుంది.

ఆపే పద్ధతి. దీన్ని లీగల్ హోల్డ్ అంటారు. వివాదం రాబోతోందని తెలియగానే, దానికి సంబంధించిన ప్రతి కాగితం మీదా తీసివేత ఆగిపోవాలి. ఆపకపోతే ఏమవుతుందో ఆర్థర్ ఆండర్సన్ అనే అమెరికా ఆడిట్ సంస్థ కథ చెబుతుంది. 2001 అక్టోబరులో అది లెక్కలు చూస్తున్న ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ మీద ఆరా మొదలవుతున్న సమయంలో, డాక్యుమెంట్ పాలసీని పాటించమని ఆ ఆడిట్ సంస్థలో ఉద్యోగులకు గుర్తుచేశారు. పాలసీ పేరు మీదే టన్నులకొద్దీ కాగితాలు ముక్కలయ్యాయి. 2002లో కోర్టు సంస్థను దోషిగా తేల్చింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది, కానీ అప్పటికి సంస్థే పేరుకు మాత్రం మిగిలింది. పాలసీ ఉండటం వేరు, దాన్ని సరైన ఘడియలో ఆపగలగడం వేరు. మీరు చూస్తున్న సిస్టమ్‌లో ఒక పేరు మీదో, ఒక ప్రాజెక్టు మీదో అన్ని చోట్లా ఒకేసారి హోల్డ్ వేయగలరా అని తప్పకుండా అడగండి.

ఎవరికి కనిపించాలి. అనుమతులు మనుషుల పేర్ల మీద ఇస్తే రెండేళ్లలో చిక్కుముడి అవుతుంది. గ్రూపుల మీద, పదవుల మీద ఇవ్వాలి. ఇది పాత పాఠమే అయినా ఈమధ్య కొత్తగా కాటేస్తోంది. ఆఫీసుల్లోకి వచ్చిన ఏఐ అసిస్టెంట్లు, అడిగిన మనిషికి ఏయే ఫైళ్లు చూసే హక్కు ఉందో వాటన్నింట్లోంచీ జవాబు తెస్తాయి. ఎప్పుడో "అందరికీ" అని షేర్ చేసి మర్చిపోయిన జీతాల షీటు ఇన్నాళ్లూ ఏ మూలో పడి ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఎవరైనా మామూలుగా ఒక ప్రశ్న వేస్తే చాలు, పైకి తేలుతుంది.

జనం వాడతారా. సేవ్ చేసేటప్పుడు పన్నెండు గడులు నింపమంటే ఎవరూ నింపరు. మొదటి ఆప్షన్ ఏదుంటే అది నొక్కి పోతారు. ఒకచోట నేను చూసిన సిస్టమ్‌లో సగానికి పైగా డాక్యుమెంట్ల రకం "అకౌంట్స్" అని ఉండేది. అకౌంట్స్ వాళ్లు అంత కష్టపడుతున్నారని కాదు, అక్షరక్రమంలో ఆ పేరు ముందొస్తుంది, అంతే.

వెతకడం. అందరూ బాగానే చేస్తారు కాబట్టి దీనిమీద ఎక్కువ సేపు ఆగను. ఒక్కటే పరీక్ష: మీ పాత స్కాన్ కాపీలే ఇచ్చి వెతికించండి. స్కాన్ చేసిన పేజీ ఫొటో లాంటిది. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్చడం) జరగకపోతే అందులోని ఒక్క మాట కూడా దొరకదు. వంకర స్కాన్లు, ముద్రలు పడ్డ పేజీలు, ఇంగ్లిష్ కాని లిపులు ఉంటే మరీ జాగ్రత్త.

బయటపడే దారి. ఎప్పుడో ఒకప్పుడు ఈ సిస్టమ్ నుంచి కూడా వెళ్లిపోతారు. ఫైళ్లు బయటికి రావడం తేలికే. వాటితోపాటు ఎవరు ఎప్పుడు ఆమోదించారు, ఏ వెర్షన్ చెల్లుతుంది, ఎన్నాళ్లు ఉంచాలి అనే వివరాలు కూడా వస్తాయా అన్నదే ప్రశ్న.

## షేర్డ్ డ్రైవ్: ఇంటి అటక

ఫైల్ సర్వర్‌ను వెక్కిరించడం తేలిక. కానీ అది ఇన్నేళ్లు నిలబడిందంటే కారణం ఉంది. ఎవరికీ శిక్షణ అక్కర్లేదు, పెద్ద డ్రాయింగులూ వీడియోలూ గబగబా తెరుచుకుంటాయి, ఏ సాఫ్ట్‌వేర్ అయినా అందులో సేవ్ చేయగలదు. అటక మీద పడేసినట్టు ఏదైనా పడేయొచ్చు.

అటకతో ఉన్న ఇబ్బందే దీనితోనూ ఉంది. ఎక్కించిన వాళ్లే కానీ దించిన వాళ్లు లేరు. పదేళ్ల కిందట మానేసిన ఉద్యోగి పేరుతో ఒక ఫోల్డరు ఉంటుంది. అందులో ఏముందో ఎవరికీ తెలియదు, తీసేయమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు. లోపలికి వెళ్తే "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ సార్ చూసింది", "ఇదే పంపాలి" అని నాలుగు ఫైళ్లు. పంపింది ఏదో ఆ పంపిన మనిషికే తెలియాలి.

ఆడిట్ లాగ్ (ఎవరు ఏం చేశారో నమోదయ్యే పట్టిక) పెట్టుకోవచ్చు, విండోస్ ఫైల్ (ఎన్‌టీఎఫ్‌ఎస్) అనుమతులు సన్నగా చెక్కుకోవచ్చు. కానీ ఉంచే గడువు, లీగల్ హోల్డ్ లాంటివి ఫైల్ సర్వర్‌కు పుట్టుకతో రావు. ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుంటూ పోతే ఇంకో చిక్కు: విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు పాత్ (డ్రైవ్ నుంచి ఫైలు పేరు దాకా పూర్తి చిరునామా) పొడవు 260 అక్షరాలే. అది దాటిన ఫైలు కళ్ల ముందు కనిపిస్తూనే ఉంటుంది, తెరవబోతే తెరుచుకోదు, కాపీ చేయబోతే ఎర్రర్. వేరేచోటికి తరలించే రోజున ఇలాంటివి కుప్పలుగా బయటపడతాయి.

దీన్ని పూర్తిగా వదిలేయమని అనను. యంత్రాల నుంచి వచ్చే డేటా, ఎడిటింగ్‌లో ఉన్న వీడియో, సీఏడీ (కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే) పని నడుస్తున్నంత కాలం ఇక్కడే ఉండనివ్వండి. రికార్డయిన రోజున మాత్రం ఇక్కడి నుంచి కదలాలి.

## మైక్రోసాఫ్ట్ 365: ఇప్పటికే డబ్బు కట్టిన దారి

పెద్ద సంస్థల్లో ఎక్కువమంది చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. షేర్‌పాయింట్ 2001 నుంచి ఉంది. ఈరోజు టీమ్స్, వన్‌డ్రైవ్ రెండిటి వెనకా ఫైళ్లను మోస్తున్నది అదే. చాలామందికి తెలియని సంగతి: టీమ్స్ ఛానెల్‌లో పెట్టిన ఫైలు ఆ టీమ్ షేర్‌పాయింట్ సైట్‌కు వెళ్తుంది. అదే ఫైలును ఇద్దరి మధ్య చాట్‌లో పంపితే, పంపిన మనిషి వన్‌డ్రైవ్‌లో కూర్చుంటుంది. పంపినవాళ్లు ఉద్యోగం మానేస్తే, ఎవరూ సెట్టింగ్ మార్చకపోయి ఉంటే, ఆ వన్‌డ్రైవ్ 30 రోజులే ఉంటుంది. ఒక టెండరు తాలూకు తుది లెక్క ఇలాగే చాట్‌లో నడిచి, ఆ మనిషితో పాటే వెళ్లిపోవడం దగ్గరి నుంచి చూశాను. ఆ వారం అంతా ఆ విభాగంలో ఎవరికీ నిద్ర లేదు.

పాలన వైపు పని చేసేది పర్‌వ్యూ అనే భాగం. రిటెన్షన్ లేబుల్ (ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే గుర్తు) తగిలిస్తే ఫైలును ఎవరైనా డిలీట్ కొట్టినా, యూజర్ కంటికి కనపడని ప్రిజర్వేషన్ హోల్డ్ లైబ్రరీలో ఒక కాపీ నిలిచి ఉంటుంది. ఆ కాపీ మీ స్టోరేజ్ కోటాలోంచే తింటుందని గుర్తుంచుకోండి. "అన్నీ డిలీట్ చేశాం, అయినా స్థలం ఎందుకు పెరగలేదు?" అనే ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఇదే. రెగ్యులేటరీ రికార్డు అని లేబుల్ వేస్తే గ్లోబల్ అడ్మిన్ కూడా దాన్ని తీయలేరు. అంత గట్టిది కాబట్టే ఆ ఆప్షన్‌ను మొదట్లో దాచి ఉంచారు, పవర్‌షెల్ అనే అడ్మిన్ల టూల్‌లో కమాండ్ ఇచ్చి తెరిస్తే తప్ప కనిపించదు. అనుభవం లేకుండా దాని జోలికి పోకండి.

సంఘటనను బట్టి గడువు లెక్కపెట్టడం, తీసేసే ముందు ఒక మనిషి చూసి సరే అనడం, తీసేసినట్టు రుజువు నిలపడం, ఈ మూడూ ఇందులో ఉన్నాయి. అయితే వీటికి పై స్థాయి లైసెన్సు కావాలి. "మనకు మైక్రోసాఫ్ట్ ఎలాగూ ఉంది కదా" అని మొదలుపెట్టి, సగం దారిలో లైసెన్సు బిల్లు చూసి ఆగిపోయిన ప్రాజెక్టులు చాలానే ఉంటాయి. ముందే ఆ లెక్క వేయించండి.

ఇంకో రెండు చిన్న విషయాలు. షేర్‌పాయింట్ లైబ్రరీలో కోట్ల ఫైళ్లు పడతాయి కానీ ఒక వ్యూలో (ఒకేసారి తెర మీద చూపే జాబితాలో) 5,000 దాటితే ఇబ్బంది పెడుతుంది, కాబట్టి కాలమ్‌లనూ ఇండెక్సులనూ మొదటి రోజే ఆలోచించి పెట్టుకోవాలి. రీసైకిల్ బిన్ 93 రోజులు. దాన్ని బ్యాకప్ అనుకునేవాళ్లకు తొంభై నాలుగో రోజున బోధపడుతుంది.

అసలు బలహీనత సాఫ్ట్‌వేర్‌లో లేదు, తేలికదనంలో ఉంది. ఎవరైనా ఒక క్లిక్‌తో కొత్త టీమ్ తెరవొచ్చు. తెరిచిన ప్రతి టీమ్‌కూ ఒక సైట్ పుడుతుంది. మూడేళ్లలో అటక పోయి అటకల ఊరు తయారవుతుంది.

## గూగుల్ వర్క్‌స్పేస్: కలిసి రాయడానికి హాయి, రికార్డుకు జాగ్రత్త

నలుగురు ఒకే పేజీ మీద రాయడంలో దీని హాయి దేనికీ లేదు. కాకపోతే ఒక మౌలికమైన విషయం తెలిసి ఉండాలి. మై డ్రైవ్‌లోని ఫైలుకు యజమాని ఒక మనిషి. గూగుల్‌లో షేర్డ్ డ్రైవ్ అంటే పైన చెప్పిన ఫైల్ సర్వర్ కాదు, అందులోని ఫైలుకు యజమాని సంస్థ. గూగుల్‌ను ఎంచుకున్న సంస్థ చేయాల్సిన మొట్టమొదటి పని, అధికారిక పనంతా షేర్డ్ డ్రైవ్‌లోకి తేవడం. మిగతా కబుర్లన్నీ తర్వాత.

గడువులూ హోల్డులూ వాల్ట్ అనే భాగంలో ఉంటాయి. నియమం రాస్తే అది నిశ్శబ్దంగా తన పని చేసుకుపోతుంది, ఆ నిశ్శబ్దమే ప్రమాదం కూడా. గడువు తప్పుగా రాస్తే అప్పటికే గడువు దాటిన ఫైళ్లు వెంటనే తుడిచిపెట్టుకుపోవచ్చు. మానేసిన ఉద్యోగి అకౌంట్‌ను లైసెన్సు మిగులుతుందని అడ్మిన్ తొలగిస్తే, వాల్ట్‌లో ఉన్న ఆ మనిషి డేటా కూడా పోతుంది. వాల్ట్ అంటే ఎక్కడో విడిగా ఉన్న ఇనప్పెట్టె అనుకుంటారు, కాదు. ఉన్నచోటే ఉన్న డేటా మీద వేసిన తాళం అది.

గూగుల్ డాక్ అనేది మనం అనుకునే అర్థంలో ఫైలు కాదు. బయటికి తీసుకుంటే వర్డ్ ఫైలుగానో పీడీఎఫ్‌గానో మారి వస్తుంది. కోర్టుకో నియంత్రణ సంస్థకో చూపాల్సినది ఏ రూపంలో ఉండాలో ముందే తేల్చుకోండి. సంతకం పడిన ప్రతిని పీడీఎఫ్/ఏగా మార్చి పెట్టడం నాకు నచ్చిన పద్ధతి. ఐఎస్‌ఓ 19005 పేరుతో 2005లో వచ్చిన ఆ రూపంలో ఫాంట్లు ఫైలులోనే ఉంటాయి, జావాస్క్రిప్ట్, ఎన్‌క్రిప్షన్ ఉండవు. ఇరవై ఏళ్ల తర్వాత ఏ కంప్యూటర్‌లో తెరిచినా అదే పేజీ కనిపించాలన్నది దాని ఉద్దేశం.

## ప్రత్యేక ఈసీఎం: బరువైనది, కొందరికి తప్పనిది

డాక్యుమెంటమ్, ఫైల్‌నెట్, ఆన్‌బేస్, లేజర్‌ఫిష్ లాంటివి ఈ జాతి. మొదటి నుంచీ రికార్డుల కోసం, భారీ సంఖ్యల కోసం కట్టినవి. రోజుకు లక్షల్లో ఇన్‌వాయిస్‌లూ క్లెయిములూ లోపలికి వచ్చి, ఒక్కోటి పది మెట్లు దాటి, చివరికి గడువు తీరి రుజువుతో సహా బయటికి పోవాలంటే వీటి దగ్గరే ఆ పని సాఫీగా జరుగుతుంది. మందుల పరిశ్రమ లాంటిచోట్ల, అంటే అమెరికాలో 1997లో వచ్చిన పార్ట్ 11 లాంటి నిబంధనల కింద ఎవరు ఏ క్షణంలో ఏం మార్చారో, ఎవరు ఎలక్ట్రానిక్ సంతకం పెట్టారో చూపాల్సిన చోట, వీటికి అలవాటు ఎక్కువ. అదే పరిశ్రమ కోసం క్లౌడ్‌లో పుట్టిన వీవా వాల్ట్ లాంటివీ ఉన్నాయి. గూగుల్ వాల్ట్‌తో దానికి ఏ సంబంధమూ లేదు, పేరు కలిసింది అంతే.

ధర సంగతి పక్కన పెట్టినా, మూడు మాటలు నిర్మొహమాటంగా చెప్పాలి. మొదటిది, అమలుకు నెలలు కాదు, ఏళ్లు పట్టొచ్చు. రెండోది, మామూలు ఉద్యోగి దీన్ని ఇష్టపడడు. రోజువారీ పని టీమ్స్‌లోనో మెయిల్‌లోనో చేసి, ఎవరో గట్టిగా అడిగినప్పుడు మాత్రమే ఇందులో ఎక్కిస్తాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు తయారవుతుంది. మూడోది, సిస్టమ్ మీ దగ్గరే ఉంటుంది కానీ దాని యజమాని మారుతూ ఉంటాడు. 1990లో పుట్టిన డాక్యుమెంటమ్ 2003లో ఈఎంసీ చేతికి, 2017లో ఓపెన్‌టెక్స్ట్ చేతికి వెళ్లింది. ఫైల్‌నెట్‌ను 2006లో ఐబీఎం కొనేసింది. యజమాని మారినప్పుడల్లా లైసెన్సు నిబంధనలు, సపోర్టు, రాబోయే మార్పుల పట్టిక అన్నీ మళ్లీ బల్ల మీదకొస్తాయి. అందుకే ఒప్పందంలో ఎగుమతి హక్కును, ఏ రూపంలో ఇస్తారో దాన్ని మొదటి రోజే రాయించుకోవాలి. తర్వాత అడిగితే ప్రతి మెగాబైటుకూ బేరం ఆడతారు.

## ఓపెన్ సోర్స్: స్వేచ్ఛ ఉంది, కాపలా మీదే

ఆల్‌ఫ్రెస్కో అనే ఓపెన్ సోర్స్ డాక్యుమెంట్ సిస్టమ్ కథ సరదాగా ఉంటుంది. డాక్యుమెంటమ్‌ను స్థాపించినవాళ్లలో ఒకరైన జాన్ న్యూటనే 2005లో దీన్ని మొదలుపెట్టారు. 2020లో ఆన్‌బేస్ తయారుచేసే హైలాండ్ దీన్ని కొనుక్కుంది. మరుసటి ఏడు న్యూక్సియో అనే ఇంకో ఓపెన్ సోర్స్ సిస్టమ్‌నూ కొనేసింది. కాబట్టి "ఓపెన్ సోర్స్ అయితే ఎవరి చేతికీ వెళ్లదు" అనే మాట సగమే నిజం. కోడ్ వెళ్లదు, దాన్ని ముందుకు నడిపించే మనుషులు వెళ్తారు.

దగ్గరి నుంచి ఒక విషయం చూపిస్తాను. ఆల్‌ఫ్రెస్కో సర్వర్‌లోకి వెళ్లి కంటెంట్ స్టోర్ (ఫైళ్లు దాచే చోటు) తెరిస్తే మీ ఫైళ్ల పేర్లు ఒక్కటీ కనిపించవు. ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం అనే ఫోల్డర్ల వరుసలో పొడవాటి అంకెలూ అక్షరాలూ కలిసిన పేర్లతో బిన్ ఫైళ్లు ఉంటాయి. ఏది మీ కాంట్రాక్టో, ఏది పార్టీ ఫొటోనో చెప్పేది డేటాబేస్ ఒక్కటే. బ్యాకప్ తీసేటప్పుడు ముందు డేటాబేస్, ఆ తర్వాత ఫైళ్లు అన్న వరుస పాటించాలి. తిరగేస్తే డేటాబేస్‌లో పేరు ఉంటుంది, దాని వెనక ఫైలు ఉండదు. ఈ వరుస తెలిసిన మనిషి మీ ఐటీలో ఉన్నారా, వాళ్లు సెలవు పెడితే రెండో మనిషి ఉన్నారా? ఈ రెండు ప్రశ్నలకు అవునంటేనే ఈ దారి.

2016లో ఓన్‌క్లౌడ్ అనే ఫైల్ షేరింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చిన నెక్స్ట్‌క్లౌడ్ ఇంకో రకం. ఇది ఫైళ్లను మామూలు పేర్లతోనే డిస్క్ మీద ఉంచుతుంది, మనసుకు ధైర్యం. షేరింగ్‌కు బాగుంటుంది, ట్యాగుల ఆధారంగా గడువు పెట్టే యాప్ కూడా ఉంది. పూర్తి స్థాయి రికార్డుల పాలనకు మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. డేటా తమ గడప దాటకూడదు అనే నిబంధన ఉన్నవాళ్లు ముందు చూడాల్సిన జాబితాలో ఈ రెండూ ఉంటాయి.

## పక్కపక్కన పెడితే

| కొలబద్ద | షేర్డ్ డ్రైవ్ | మైక్రోసాఫ్ట్ 365 | గూగుల్ | ఈసీఎం | ఓపెన్ సోర్స్ |
|---|---|---|---|---|---|
| తేదీని బట్టి తీసివేత | స్క్రిప్టులతో | ఉంది | ఉంది | ఉంది | ఉంది, అమర్చుకోవాలి |
| సంఘటనను బట్టి తీసివేత | లేనట్టే | పై లైసెన్సుతో | ముందు పరీక్షించండి | దీని బలమే ఇది | ఉత్పత్తిని బట్టి |
| లీగల్ హోల్డ్ | చేతితో, నమ్మకం లేదు | మెయిల్, చాట్, ఫైళ్లు అన్నింటి మీదా | మెయిల్, చాట్, డ్రైవ్ మీద | తన లోపల ఉన్నవాటి మీద | ఉత్పత్తిని బట్టి |
| జనం వాడకం | అలవాటే | ఎక్కువ | ఎక్కువ | బలవంతం మీద | మధ్యస్థం |
| నడపడానికి మనుషులు | తక్కువ | ఒక చిన్న జట్టు | ఒక చిన్న జట్టు | ప్రత్యేక జట్టు | నిపుణులు తప్పనిసరి |
| బయటపడటం | తేలిక, వివరాలు మాత్రం శూన్యం | వీలే, శ్రమ ఉంది | రూపం మారుతుంది | ఒప్పందాన్ని బట్టి | డేటా మీ చేతిలోనే |

లీగల్ హోల్డ్ వరుసను ఇంకోసారి చూడండి. ఈసీఎం తన లోపల ఉన్నవాటినే ఆపగలదు. కేసుల్లో ఎక్కువగా బయటికొచ్చేది మాత్రం మెయిళ్లూ చాట్లూ. ఎంత ఖరీదైన ఈసీఎం కొన్నా, మెయిల్ వైపు హోల్డ్ విడిగా చూసుకోవాల్సిందే.

## మీరు ఏ రకం?

నియంత్రణ గట్టిగా ఉన్న రంగం, అంటే మందులు, బ్యాంకింగ్, బీమా, విమానయానం: ఆ కొద్ది రకాల రికార్డులకు ఈసీఎమ్మో, ఆ రంగం కోసమే కట్టిన సిస్టమో తీసుకోండి. సంస్థ మొత్తాన్నీ దాంట్లోకి లాగొద్దు. క్యాంటీన్ మెనూకు ఎలక్ట్రానిక్ సంతకం అక్కర్లేదు.

వేల మంది ఆఫీసు ఉద్యోగులు, ఇప్పటికే క్లౌడ్‌లో ఉన్నవాళ్లు: ఉన్నదాన్నే కట్టుదిట్టం చేయండి. కొత్త సిస్టమ్‌కు పెట్టే డబ్బులో సగం పై లైసెన్సుకు, ఇంకొంత ఇద్దరు మంచి రికార్డు మేనేజర్ల జీతాలకు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఈ మాట అమ్మేవాళ్లెవరూ మీకు చెప్పరు.

ఇంజినీరింగ్, నిర్మాణ సంస్థలు: డ్రాయింగుల రివిజన్లు, వాటి మధ్య లింకులు వర్డ్ ఫైళ్ల లాంటివి కావు. పని జరిగేచోటికి ఆ రంగపు సాఫ్ట్‌వేరే ఉండనివ్వండి, కట్టడం అప్పగించాక తుది సెట్‌ను మాత్రం రికార్డుగా విడదీసి భద్రపరచండి.

దశాబ్దాలు ఉంచాల్సిన ప్రభుత్వ తరహా సంస్థలు: పీడీఎఫ్/ఏ, మెటాడేటాతో (ఫైలు గురించిన వివరాలతో) సహా ఎగుమతి, వేర్వేరు డాక్యుమెంట్ సిస్టమ్‌లు మాట్లాడుకునే సీఎమ్‌ఐఎస్ లాంటి ఓపెన్ ఇంటర్‌ఫేస్, ఈ మూడూ టెండరులో తప్పనిసరి షరతులుగా రాయండి. మీ రికార్డుల ఆయుష్షు ఏ సాఫ్ట్‌వేర్ ఆయుష్షు కన్నా ఎక్కువ.

రెండు సంస్థలు కలిసిపోయి రెండు సిస్టమ్‌లు మిగిలినవాళ్లు: వెంటనే ఒకటి చేయాలని తొందరపడకండి. ఏ రికార్డును ఎన్నాళ్లు ఉంచాలో చెప్పే గడువుల పట్టికను ముందు ఒకటి చేయండి. పట్టిక ఒకటైతే సిస్టమ్‌లు రెండున్నా కొంతకాలం నడుస్తుంది. పట్టికలు రెండుండి సిస్టమ్ ఒకటైతే రోజూ గొడవే.

ఆ గడువుల పట్టిక గురించి ఒక మాట. వందల వరుసలతో కొండవీటి చాంతాడంత పట్టిక తయారుచేసి గర్వపడే సంస్థలు ఉన్నాయి. దాన్ని ఏ మనిషీ గుర్తుపెట్టుకోలేడు, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ సరిగా అమర్చలేరు. దగ్గరి గడువులున్న వాటిని కలిపి కొన్ని పెద్ద బుట్టలు చేసుకోండి. ఒక రకాన్ని ఏడాది ఎక్కువ ఉంచినా, ఏ చట్టమూ అడ్డు చెప్పనంతవరకు, ఆ తేలిక కోసం అది సరైన బేరమే.

## డెమోలో ఏం అడగాలి

అమ్మేవాళ్ల శాంపిల్ డేటాతో కాదు, మీ సొంత ఫైళ్లతో చూడండి. ఒక రోజు చాలు. ఒక గజిబిజి ఫోల్డరు ఇచ్చి ఎక్కించమనండి. ఒక ఫైలు మీద హోల్డ్ వేయించి, అడ్మిన్ అకౌంట్‌తో దాన్ని డిలీట్ చేసే ప్రయత్నం చేయండి. గడువు దాటిన ఫైలును రుజువుతో సహా తీయించండి. చివరగా మొత్తం ఎగుమతి చేయించి, వచ్చిన దాన్ని ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో తెరవండి. మూడో పని దగ్గర చాలామంది నెమ్మదిస్తారు, నాలుగో దాని దగ్గర కొందరు మీటింగ్ వాయిదా వేస్తారు.

మొదట చెప్పిన ఆ కమిటీ చివరికి ఎదురు ప్రశ్న వేసినాయన కంపెనీనే ఎంచుకుంది. అయితే పాత షేర్డ్ డ్రైవ్‌లోని సరుకంతా కొత్తదాంట్లోకి మోసుకెళ్లాలని ఐటీవాళ్లు పట్టుబట్టారు. ఆ పెద్దావిడ ఒప్పుకోలేదు. పాత డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే అన్నట్టు తాళం వేయించి, ఎవరికి ఏ ఫోల్డరు కావాలంటే వాళ్లు అడిగి, ఏ రకం రికార్డో చెప్పి తీసుకెళ్లాలి అన్నారు. మొదటి వారం ఫోన్లు మోగిపోయాయి. రెండో నెలకు తగ్గాయి. ఏడాది తిరిగేసరికి అడిగేవాళ్లే లేరు. మిగిలినదాని జాబితా తీసి, లీగల్ వాళ్ల చేత హోల్డులు లేవని సంతకం చేయించి, ఆవిడే దగ్గరుండి తుడిపించారు. మానేసిన ఉద్యోగి పేరుతో ఉన్న ఫోల్డరు కూడా అందులోనే పోయింది. పోయేముందు ఒకసారి తెరిచి చూశాం, లోపల ఒక ప్రింటర్ డ్రైవర్, రెండు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి.